ఇంటి సముద్రపు తొట్టికి ఉప్పు ఎంచుకున్న పన్నెండు వారాలు

సెప్టెంబరు 14

ఇంట్లో సముద్రపు చేపలు పెంచుకోవడానికి గాజు తొట్టి వచ్చింది. పొడవు 60, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. లెక్కప్రకారం 121 లీటర్లు పట్టాలి. పైన వదిలే ఖాళీ, లోపల పేర్చే రాళ్ళు పోగా నికరంగా 100 లీటర్ల నీళ్ళు అనుకుంటున్నాను. ముందుగదిలో ఎండ నేరుగా పడని గోడ వారన పెట్టాం. బల్ల నాలుగు మూలలా మట్టం చూసి, ఒక కాలి కింద రబ్బరు ముక్క వేసి సరిచేశాను.

ఏం పెంచాలో ముందే తేల్చుకున్నాను. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట, ఒక క్లీనర్ రొయ్య, పాచి తినే నత్తలు నాలుగు. రాతి పగడాలు పెంచను. మన దేశంలో 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చట్టం మాట పక్కన పెట్టినా, సముద్రం అడుగు నుంచి విరిచి తెచ్చిన కొమ్మను ఇంట్లో పెట్టుకుని ఆనందించడం నాకు చేతకాదు. అందుకే రాళ్ళు కూడా కృత్రిమంగా తయారుచేసినవే కొన్నాను.

ఇక మిగిలింది ఉప్పు. ఆ మాట అనగానే అమ్మ అడిగింది: "విశాఖపట్నంలో ఉంటూ ఉప్పు నీళ్ళ కోసం ఉప్పు కొంటావా? వీధి చివరికి వెళ్తే సముద్రమే కదా!" న్యాయమైన ప్రశ్న. దీనికి సరైన జవాబు దొరికేదాకా పెద్ద డబ్బా కొననని మాట ఇచ్చాను.

సెప్టెంబరు 20

అమ్మ రెండో ప్రశ్న ఇంకా మంచిది. "పోనీ, రాళ్ళుప్పు కలిపితే?"

మా అమ్మమ్మగారి ఊరు శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర. వేసవి సెలవుల్లో ఉప్పు మడుల గట్ల మీద నడిచిన జ్ఞాపకం అమ్మకూ ఉంది, నాకూ ఉంది. అందుకే జవాబు కూడా ఆ మడుల నుంచే చెప్పాను. మడిలోకి ఎక్కించిన సముద్రపు నీళ్ళు ఎండకు తగ్గుతూ సగానికి వచ్చేసరికి అందులోని సున్నం, అంటే కాల్షియం కార్బొనేట్, అడుగుకు దిగడం మొదలవుతుంది. ఐదో వంతుకు తగ్గేసరికి జిప్సం దిగుతుంది. ఇంచుమించు పదో వంతు మిగిలాకే అసలు ఉప్పు గల్లు కడుతుంది. ఆ గల్లును లాగి కుప్ప పోశాక మడిలో మిగిలిన నీళ్ళు నాలుక మీద పెడితే చేదు. సముద్రంలోని మెగ్నీషియం, పొటాషియం చాలావరకు ఆ చేదునీటిలోనే ఉండిపోతాయి. వంటకు చేదు పనికిరాదు కాబట్టి దాన్ని వదిలేస్తారు.

కూరకు కావలసింది మడి నుంచి మనం తెచ్చుకుంటాం. మడిలో వదిలేసి వచ్చినదే రొయ్యకూ నత్తకూ కావాలి. దుకాణంలో దొరికే అయోడిన్ ఉప్పుకైతే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు అందులో ఉంటాయి.

ఇది చెబుతూ నోటు పుస్తకంలో సముద్రపు నీటి పాళ్ళు రాసుకున్నాను. కిలో సముద్రపు నీటిలో లవణాలు 35 గ్రాములు ఉన్నాయనుకుంటే క్లోరైడ్ 19.4 గ్రాములు, సోడియం 10.8, సల్ఫేట్ 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం చెరి 0.4 గ్రాములు. క్షారత ఇంచుమించు 7 డీకేహెచ్ (క్షారతను కొలిచే కొలమానం). ఆమ్లం చేరినా నీటి గుణం ఒక్కసారిగా మారకుండా కాపాడే శక్తిని ఈ క్షారత చెబుతుంది. గుల్ల కట్టే జీవులు కాల్షియంతో పాటు దీన్నీ వాడుకుంటాయి.

ఈ పాళ్ళ వెనుక ఒక గొప్ప పని ఉంది. బ్రిటిష్ నౌక ఛాలెంజర్ 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలు తిరిగి తెచ్చిన నీటిలో 77 నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త విశ్లేషించి 1884లో ఫలితాలు ప్రచురించాడు. ఉప్పదనం చోటును బట్టి పెరిగినా తగ్గినా, ప్రధాన లవణాల మధ్య పాళ్ళు మాత్రం దాదాపు మారవని అందులో తేలింది. అక్వేరియం ఉప్పు తయారుచేసే వాళ్ళందరూ ఆ పాళ్ళనే అనుకరించాలి. ఏ డబ్బా కొనాలన్న ప్రశ్నకు నేను ఇక్కడి నుంచే జవాబు వెతకాలి.

సెప్టెంబరు 28

బావగారు వచ్చారు. ఆయన భీమిలి వైపు ఒక రొయ్యల హేచరీలో పనిచేస్తారు. నా నోటు పుస్తకం చూసి పొటాషియం అంకె మీద వేలు పెట్టారు.

"వెనామీని లోపలి ఊళ్ళలో బోరు నీళ్ళతో పెంచే రైతులను అడుగు. సెలినిటీ సరిగ్గానే ఉంటుంది, రొయ్య మాత్రం గుల్ల విడిచాక గట్టిపడదు, మెత్తగా తేలుతుంది. చాలాచోట్ల భూమిలోని ఉప్పు నీళ్ళలో పొటాషియం తక్కువ. బస్తాలకొద్దీ పొటాష్, మెగ్నీషియం చల్లేది అందుకే. ఉప్పదనం సరిపోతే సముద్రం అయిపోదు."

ఎంత మంచి ఉదాహరణ! పాళ్ళు తప్పితే ఏమవుతుందో ఎకరాల లెక్కన చూసిన మనిషి చెప్పిన మాట అది.

ఇప్పుడు మార్కెట్ సంగతి. అక్వేరియం ఉప్పుల్లో రెడ్ సీ, ట్రాపిక్ మారిన్, ఇన్‌స్టంట్ ఓషన్ పేర్లు ఈ అభిరుచి ఉన్నవాళ్ళందరికీ తెలిసినవే. ఒకే సంస్థ రెండు మూడు రకాలు అమ్మడం మామూలు. స్థూలంగా ఒక రకం సముద్రపు సహజ పాళ్ళకు దగ్గరగా, క్షారత 7 నుంచి 8 మధ్య ఉంచుతుంది. ఇంకో రకం రాతి పగడాలు వేగంగా పెరగాలని క్షారతను 11, 12 వరకూ, కాల్షియంను కొంత పైకీ పెంచి వస్తుంది. రెండో రకం డబ్బా మీద బొమ్మలు, మాటలు ఎక్కువ ఆకర్షణీయంగా ఉంటాయి. ధర కూడా ఎక్కువే. 'ఎక్కువ' అంటే 'మేలు' అనిపించడం సహజం. నాకూ మొదట అలాగే అనిపించింది.

మూడు చిన్న పొట్లాలు తెప్పించాను. పేరు చూస్తే మనసు ఒకవైపు లాగుతుందని మూడింటినీ ఒకే రకం డబ్బాల్లోకి మార్చి అ, ఆ, ఇ అని రాశాను. పరీక్ష అయ్యేదాకా అవే వాటి పేర్లు.

నీళ్ళ మాట కూడా ఇక్కడే రాస్తాను. వంటింటి ఆర్వో నీళ్ళు దీనికి చాలవు. రుచి కోసం ఆ యంత్రం కొంత మామూలు నీటిని తిరిగి కలుపుతుంది. నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే 70 చూపించింది. ఆ కలిపే మరను మూసేసి, చివర మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించాక 0 వచ్చింది. ఉప్పు పాళ్ళు పరీక్షించాలంటే ముందు నీళ్ళలో ఏమీ ఉండకూడదు.

అక్టోబరు 5

మూడు బకెట్లు, ఒక్కో దానిలో 10 లీటర్ల నీళ్ళు. ముందు నీళ్ళు, తర్వాత తిరిగే చిన్న పంపు, ఆ తర్వాతే ఉప్పు, అదీ కొద్దికొద్దిగా. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున ఒక్కసారిగా చిక్కటి ద్రావణం ఏర్పడి కాల్షియం, కార్బొనేట్ కలిసి తెల్లటి మడ్డిగా దిగిపోతాయి. అలా దిగినది మళ్ళీ సులువుగా కరగదు. పొట్లాల మీద సూచన ఇంచుమించు ఒకటే: లీటరుకు 38 గ్రాములు. కాబట్టి బకెట్టుకు 380 గ్రాములు తూచి వేశాను.

ఒక రోజు తిరగనిచ్చి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్లో చూస్తే 32, అంటే కిలో నీటికి 32 గ్రాముల లవణాలు. కావలసింది 35. మూడు బకెట్లూ అంతే! కాసేపు నమ్మలేదు. ఇంకొంచెం ఇంకొంచెం ఉప్పు వేస్తూ 35 చేరేసరికి అ కు 412 గ్రాములు, ఆ కు 418, ఇ కు 415 పట్టాయి. 35 చేరిన ఈ నీటినే పరీక్షించాను (క్షారత డీకేహెచ్‌లో, మిగతావి లీటరుకు మిల్లీగ్రాముల్లో).

అ: క్షారత 8.7, కాల్షియం 465, మెగ్నీషియం 1410.
ఆ: క్షారత 13.1, కాల్షియం 495, మెగ్నీషియం 1465.
ఇ: క్షారత 11.5, కాల్షియం 425, మెగ్నీషియం 1400.

ఏ ఒక్కటీ పొట్లం మీది అంకెలతో కలవలేదు. సముద్రానికి దగ్గరగా ఉంటుందన్న అ కూడా చాలా పైన ఉంది. పడుకునేముందు దాదాపు నిర్ణయానికి వచ్చేశాను, ఇ లో కాల్షియం 425 కదా, అదే సరైనదని.

అక్టోబరు 6

పొద్దున్నే బావగారికి ఫోను చేసి అంకెలు చదివాను. ఆయన అడిగింది ఒక్కటే: "మూడు సంస్థలూ కలిసి ఒకే రకంగా తప్పు చెబుతాయా? ముందు నీ మీటరును అడుగు."

సాయంత్రం కూర్చుని భాగహారాలు చేశాను. అ పొట్లం మీద మెగ్నీషియం 1300, నాకు వచ్చింది 1410. అంటే 1.085 రెట్లు. కాల్షియం 430 ఉండాల్సింది 465, అది 1.08. క్షారత 8 ఉండాల్సింది 8.7, ఇంచుమించు అంతే. మూడూ ఒకే రెట్టులో పెరిగాయి. వంటకం తప్పయితే ఒకటి పెరిగి ఒకటి తగ్గాలి. అన్నీ కలిసి ఒకే మెట్టు ఎక్కాయంటే పాళ్ళు సరిగ్గానే ఉన్నట్టు, మొత్తం ఉప్పే ఎక్కువైనట్టు. డిట్మార్ చెప్పిన సంగతి నా వంటింటి బల్ల మీద కనిపించింది. నేను 35 అనుకున్న నీళ్ళు నిజానికి 38.

ఆ రాత్రి చాలా సంతోషంగా ఉంది. చేపలు ఇంకా రాకముందే ఈ తప్పు దొరికింది.

అక్టోబరు 12

రిఫ్రాక్టోమీటరును శుద్ధమైన నీటితో సున్నాకు సరిచేసుకుంటే చాలనుకున్నాను. చాలదు. సున్నా దగ్గర సరిగ్గా నిలిచిన గీత 35 దగ్గర జారిపోవచ్చు. మనం వాడే చోటే సరిచూసుకోవాలి. అమ్మే ప్రామాణిక ద్రావణం వచ్చేదాకా ఆగలేక సొంతంగా చేసుకున్నాను. ప్రయోగశాల రకం శుద్ధ సోడియం క్లోరైడ్ 36.5 గ్రాములు, శుద్ధమైన నీళ్ళు 963.5 గ్రాములు. కాంతిని వంచే తీరులో ఈ ద్రావణం 35 లవణీయత ఉన్న సముద్రపు నీటికి సమానం. బావగారి హేచరీలో మంచి త్రాసు ఉంది కాబట్టి అక్కడే తూచాం. రెండు చుక్కలు వేసి చూస్తే నా మీటరు 32 చూపించింది. ఇక సందేహం లేదు. మరను తిప్పి 35 మీదకు తెచ్చాం. హేచరీ వాళ్ళ మీటరుతో కూడా పోల్చి చూశాం, రెండూ కలిశాయి.

ఇంటికి వచ్చి మళ్ళీ మూడు బకెట్లు. ఈసారి 380 గ్రాములకే 35 వచ్చింది.

అ: క్షారత 8.0, కాల్షియం 430, మెగ్నీషియం 1300.
ఆ: క్షారత 12.1, కాల్షియం 455, మెగ్నీషియం 1350.
ఇ: క్షారత 10.6, కాల్షియం 390, మెగ్నీషియం 1290.

వారం క్రితం నాకు సరైనదిగా కనిపించిన ఇ లోనే అసలు కాల్షియం తక్కువ. వంకర మీటరు నన్ను తిన్నగా తప్పుడు డబ్బా దగ్గరికి నడిపించింది.

ఇంకో రెండు సంగతులు గమనించాను. 'ఆ' ఉప్పు కలిపిన బకెట్టు గోడల మీద మర్నాటికి పలచటి తెల్లటి పొర కట్టింది. క్షారత, కాల్షియం రెండూ ఎక్కువగా ఉన్న నీరు ఎక్కువసేపు తిరిగితే సున్నం దిగుతుంది. ఇలాంటి ఉప్పును కలిపిన కొద్ది గంటల్లోనే వాడమని పొట్లం మీదే ఉంది. నాకు శనివారం రాత్రి కలిపి ఆదివారం పొద్దున్న పోసే అలవాటు కుదురుతుంది, 'ఆ' ఉప్పుతో అది కుదరదు. ఇ లో చేపలకు హాని చేసే అమ్మోనియా ఉన్నట్టు పరీక్షలో కొద్దిగా రంగు వచ్చింది. తొట్టిలో దాన్ని మార్చేసే బాక్టీరియా నిలదొక్కుకున్నాక అంత కొద్దిపాటి అమ్మోనియా సమస్య కాదు కానీ, అ లో అసలు రంగే రాలేదు.

అక్టోబరు 19

నిర్ణయం అయింది: అ.

కారణం రాసిపెట్టుకుంటాను, ముందు ముందు మనసు మారితే చదువుకోవడానికి. వారానికి 10 లీటర్లు మారుస్తాను. తొట్టిలో క్షారత 8 ఉండి, కొత్త నీటిది 12 అయితే మొదటి వారం 0.4 పెరుగుతుంది. రాతి పగడాల తొట్టిలో అయితే అవి దాన్ని వారం తిరగకముందే వాడేస్తాయి. ఇంకా చాలదు కూడా. నా తొట్టిలో వాడుకునేవి నాలుగు నత్తలు, ఒక రొయ్య, రేపెప్పుడో రాళ్ళ మీద పట్టే గులాబీ రంగు సున్నపు పాచి. వాడకం లేని చోట వారంవారం పోస్తూ ఉంటే అంకె నెమ్మదిగా 12 వైపు పాకుతుంది. నా జీవాలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. అ అయితే ఎన్ని వారాలు మార్చినా తొట్టి ఉన్నచోటే ఉంటుంది.

ఖరీదు లెక్క కూడా తేలిక. వారానికి 10 లీటర్లు అంటే ఏడాదికి 520. లీటరుకు 38 గ్రాముల చొప్పున దగ్గరదగ్గర 20 కిలోలు. మొదటిసారి నింపడానికి ఇంకో 3.8 కిలోలు. మూడింటిలో అ చవకైనది కాదు, ఖరీదైనదీ కాదు.

ఈ రోజే తొట్టి నింపాను. రాత్రి లైటు వేస్తే నీళ్ళు గాజులా ఉన్నాయి. అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది.

నవంబరు 2

అమ్మ మొదటి ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. వారం రోజుల వానలు తెరిపి ఇచ్చాక, తెలిసిన పడవ వాళ్ళు తీరానికి దూరంగా వెళ్ళి 5 లీటర్ల క్యాను నింపి తెచ్చారు.

సరిచేసిన మీటరులో 26.

ఎండాకాలంలో మన తీరంలో 34 దాకా ఉండే ఉప్పదనం వర్షాల తర్వాత ఇంత పడిపోతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలోకి కుమ్మరించిన మంచినీరు, వానాకాలం తిరిగాక ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్ళే తీరప్రవాహం వెంట మన ఒడ్డును ఒరుసుకుంటూ వస్తుంది. అంటే ఈ క్యానులో హిమాలయాల నీరు కూడా కొంత ఉన్నట్టే.

పరీక్షలు చేస్తే కాల్షియం 310, మెగ్నీషియం 960. వాటిని 35 లవణీయతకు హెచ్చిస్తే 417, 1292. పాళ్ళు చెక్కుచెదరలేదు! క్షారత మాత్రం 5.8 ఉంది, ఉప్పదనం లెక్కన అయితే 5.2 ఉండాలి. నదుల నీటిలో బైకార్బొనేట్ ఉంటుంది కాబట్టి ఆ కాస్త ఎక్కువ. ఇన్ని వందల కిలోమీటర్లు నడిచి వచ్చిన నీరు తన ఊరు పేరు ఈ ఒక్క అంకెలో దాచుకుంది. ఈ డైరీ మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ ఇదే.

అమ్మకు చెప్పాను: సముద్రపు నీళ్ళు తెచ్చుకోవచ్చు. కానీ నెలనెలా మారే ఉప్పదనాన్ని కొలిచి, తక్కువైనంత ఉప్పు కలుపుకోవాలి. వడకట్టి, సూక్ష్మజీవులను చంపి వాడుకోవాలి. పైగా ఓడరేవు ఉన్న ఊరు, మురుగు కాలువలు కలిసే ఒడ్డు. హేచరీలకు అందుకు తగిన ఏర్పాట్లు ఉంటాయి, మన ముందుగదిలో లేవు. అమ్మ ఒప్పుకుంది. క్యానులో మిగిలిన నీళ్ళు తిరిగి సముద్రంలో పోసి రమ్మంది, పోసి వచ్చాను.

నవంబరు 16

అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా. అంటే బాక్టీరియా నిలదొక్కుకున్నట్టే. నత్తలు వచ్చాయి. నీళ్ళు 30 డిగ్రీలు ఉంటున్నాయని పైన చిన్న ఫ్యాను పెట్టాను, 27 కు దిగింది. దానికి మూల్యం రోజుకు 2 లీటర్ల ఆవిరి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. ఒక్క రోజు మరిచిపోతే 35 కాస్తా 35.7 అవుతుంది. గాజు మీద గీత పెట్టి పొద్దున, సాయంత్రం ఆ గీత వరకు శుద్ధమైన నీళ్ళే పోస్తున్నాను. తగ్గింది కదా అని ఉప్పు నీళ్ళు పోస్తే వారంలో తొట్టి ఉప్పుమడి అవుతుంది.

నవంబరు 30

క్షారత వారంలో 8.0 నుంచి 7.7 కు దిగింది. నత్త గుల్లల మీద సున్నపు పాచి గులాబీ చుక్కలు కనిపిస్తున్నాయి, ఆ పాచి పనే అయి ఉండాలి. దీని కోసం ఉప్పు మార్చాల్సిన పని లేదు. 100 లీటర్లలో క్షారత 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల వంటసోడా చాలు. నాకు కావలసింది 0.3, అంటే 0.9 గ్రాము. కప్పు మంచినీటిలో కరిగించి, పంపు ముందు సన్నని ధారగా పోశాను. మర్నాడు మళ్ళీ 8.0.

డిసెంబరు 7

20 కిలోల పెట్టె వచ్చింది. విప్పగానే వాడలేదు. అక్టోబరులో క్లిప్పు పెట్టి వదిలిన చిన్న పొట్లం ఇక్కడి గాలికి గడ్డలు కట్టింది. ఉప్పులోని మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్‌లు గాలిలో తేమను పీల్చుకుంటాయి. ఆ గడ్డల్లోంచి 380 గ్రాములు తూచి కలిపితే 34 కూడా సరిగ్గా రాలేదు. తూకంలో కొంత నీరే మరి. అందుకని పెట్టెను నేల మీద నాలుగైదు సార్లు దొర్లించి, అడుగుకు చేరిన మెత్తటి పొడి పైదానితో కలిశాక, రబ్బరు వాషరు మూతలున్న ఐదు డబ్బాల్లోకి నాలుగేసి కిలోలు సర్దాను. ఒకసారికి ఒకటే డబ్బా తెరుస్తాను.

మధ్యాహ్నం బావగారు క్లౌన్ చేపల జంటను తెచ్చారు. సంచిలోని నీళ్ళు 28. తక్కువ ఉప్పులో పెరిగిన చేపను ఒక్కసారిగా 35 లోకి దింపకూడదు. 20 లీటర్ల తొట్టెలో 28 నీళ్ళు కలిపి అందులో వదిలాం. రోజూ 4 లీటర్లు తీసి అంతే 35 నీళ్ళు పోస్తే రేపటికి 29.4, ఎల్లుండికి 30.5. పెద్ద చేప ఇప్పటికే గొట్టం పక్కన తన చోటు చూసుకుంది, చిన్నది దాని వెనకే తిరుగుతోంది. రేపటి 4 లీటర్లకు 152 గ్రాముల ఉప్పు తూచి, నీళ్ళలో కలిపి, పంపు పెట్టి పడుకుంటున్నాను.